మేం ఇల్లు దాటకముందే చెప్పండి: రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పర్యాటక శాఖల అధికారులకు, అటవీ, పురావస్తు శాఖల వారికి, ఆయా జిల్లాల కలెక్టర్లకు నమస్కారాలు.

మీరు అసలేమీ చేయడం లేదని అనను. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2024లో గండికోటకు, రాజమండ్రి గోదావరి తీరానికి, రామప్ప పరిసరాలకు, తెలంగాణలోని సోమశిలకు కేంద్రం నుంచి కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. సంతోషం. ఆ డబ్బంతా వ్యూ పాయింట్లకూ టెంట్లకూ లైట్లకూ అయిపోకముందే, పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటేసుకుని బస్సుల్లో, షేర్ ఆటోల్లో ఆ చోట్లకు వెళ్లే మాలాంటి వాళ్ల మాట కూడా కాస్త చెవిన వేసుకోండి.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఒక చోటు గురించి ఉన్నదున్నట్టు, మేం ఇల్లు దాటకముందే చెప్పండి. ఈరోజు తెరిచి ఉందా, నీళ్లున్నాయా, పడవ నడుస్తోందా, ఎన్ని మెట్లు, ఎంత ప్రమాదం, చివరి బస్సు ఎన్నింటికి. మాకు కావాల్సింది ఇదే.

ఇదే విషయం మీద ముందు పద్ధతి ప్రకారం అర్జీ పెట్టుకున్నాం. ఒక జలపాతం దగ్గర జరిగిన సంగతి. చోటు పేరు, ఆఫీసు పేరు రాయను. రాస్తే టికెట్లు చించే కుర్రాడి మీద పడతారు తప్ప పైవాళ్లకేం కాదు. మనిషికింత అని ప్రవేశ రుసుము తీసుకున్నారు, బండికి వేరే తీసుకున్నారు. లోపలికి పోతే రాళ్ల మీద తడి చార తప్ప నీళ్లు లేవు. ఆడవాళ్ల టాయిలెట్‌కు తాళం. తాళంచెవి ఎక్కడయ్యా అంటే “సార్ దగ్గరుంది”. సార్ ఎక్కడంటే “టౌన్‌లో”. మా వదినకు షుగరు, ఎంతసేపని ఆపుకుంటుంది? బండల చాటుకు తీసుకెళ్లి మేం చున్నీలు అడ్డం పట్టాం. కింద నుంచి కాలేజీ పిల్లలు ఎక్కి వస్తూనే ఉన్నారు. ఆవిడ ఆ తర్వాత రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అర్జీకి ఒక నంబరు ఇచ్చారు. కొన్ని వారాలకు “మీ సమస్య పరిష్కరించబడింది” అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత మా వీధివాళ్లు వెళ్లొచ్చి, ఆ తాళం అలాగే ఉందని చెప్పారు. ఒకరికి రాస్తే ఇదీ ఫలితం. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అయితే మన చోట్లు బాగాలేవని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను. బెలుం గుహలకు మొదటిసారి దిగినవాళ్లెవరికైనా నోట మాట రాదు. పైన చూస్తే కొలిమిగుండ్ల దగ్గర మామూలు చేలు, నాపరాయి గనులు. కింద 3,229 మీటర్ల గుహ. 1884లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీన్ని నమోదు చేశాడు. 1980లలో జర్మనీ నుంచి గుహల పరిశోధకులు వచ్చి కొలిచి పోయారు. పక్క జిల్లాలో పుట్టి పెరిగిన మాకు మాత్రం దాని సంగతి తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. శని, ఆదివారాల్లో గండికోటకు, బెలుంకు పోయి చూడండి, బండ్ల నంబర్లలో కేఏ ఎన్ని కనబడతాయో. బెంగళూరు కుర్రాళ్లకు తెలిసినంతగా కడప, కర్నూలు జనానికి ఈ చోట్లు తెలియవు. గండికోటలో పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున నిలబడితే, ఇది జమ్మలమడుగుకు 15 కిలోమీటర్లే కదా, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు అని ఎవరికైనా అనిపిస్తుంది. మంచి చోటు గురించి చెప్పకపోవడం, లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం, ప్రమాదాన్ని దాచడం, ఈ మూడూ నా దృష్టిలో ఒకే లోపం కిందికి వస్తాయి.

ఇక ఒక్కొక్కటిగా.

1. సెలవులు, గేటు వేళలు

తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవని బడి పిల్లలకు కూడా తెలుసు. అమరావతి మ్యూజియానికి, నాగార్జునకొండ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవని ఎంతమందికి తెలుసు? హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూ పార్కుకు సోమవారం. నాగార్జునకొండకు వెళ్లాలంటే విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కాలి. గాలీ వానా ఉంటే లాంచీ కదలదు. ఇవన్నీ న్యాయమైన కారణాలే, కాదనను. కానీ ఆ సంగతి రేవులో, గేటు దగ్గర తెలిస్తే ఏం లాభం?

శ్రీశైలం దారి ఇంకో ఉదాహరణ. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు మన్ననూరు దగ్గర, ఆంధ్ర వైపు దోర్నాల దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి గేటు మూసేస్తారు. పులుల అడవి, మూయాల్సిందే. అయితే ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, చంటిబిడ్డతో రాత్రి బయల్దేరిన కుటుంబానికి ఈ సంగతి చెక్‌పోస్టు కర్ర అడ్డం పడ్డాకే తెలుస్తుంది. తెల్లవార్లూ కారులోనే. హోటలున్న ఊరు వెనక్కి ఎంత దూరమో కూడా తెలియదు.

కూలికి పోయేవాళ్లు ఏడాదికి ఒక్కసారి పిల్లల కోసం ఒక రోజు కూలి మానుకుని బయల్దేరతారు. వాళ్లకు మూసిన గేటు అంటే ఆ ఏడాది ప్రయాణం అయిపోయినట్టే.

మా కోరిక: ప్రతి చోటుకూ తెలుగులో పలికే ఒక ఫోన్ నంబరు, ఒక వాట్సాప్ నంబరు. ఉదయం 7 గంటలకల్లా “ఈరోజు తెరిచి ఉంది / లేదు, ఎందుకంటే” అని అందులో ఉండాలి. శ్రీశైలం గేటు వేళల బోర్డు మన్ననూరులో కాదు, హైదరాబాద్ దాటగానే పెట్టండి. ఆర్టీసీ బస్టాండ్లలో అరుపు మైకులు ఎలాగూ ఉన్నాయి, వాటిలోనూ చెప్పించండి.

2. నీళ్ల దగ్గర ప్రాణాలు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఓపిగ్గా చదవమని మనవి.

2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లో మండి దగ్గర బియాస్ నదిలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వెళ్లిన టూరు మనిషి ఒకరు కొట్టుకుపోయారు. ఆ వీడియో చూడని తెలుగిల్లు లేదు. పైన డ్యాము ఉందనీ, ఏ క్షణంలోనైనా నీళ్లు పెరుగుతాయనీ బయటి నుంచి వచ్చిన పిల్లలకు ఎలా తెలుస్తుంది? అక్కడి ఊరివాళ్లకు తెలుసు. ఆ తెలిసిన విషయం ఆ వేళకు పిల్లల దగ్గరికి చేరలేదు.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరదలో ఉంది. పాపికొండలు చూడ్డానికి 77 మందితో వెళ్లిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. ప్రాణాలతో బయటపడ్డది 26 మంది. దగ్గర్లోని గిరిజన గ్రామాలవాళ్లు తమ పడవలేసుకుని వచ్చి లాగకపోతే ఆ 26 మంది కూడా ఉండేవాళ్లు కాదు. నదిలో కూరుకుపోయిన పడవను కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం తంటాలు పడి అక్టోబరు 22న బయటికి తీసింది.

ఆ తర్వాత రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టారు, లైఫ్ జాకెట్లు తప్పనిసరి చేశారు. మంచి పని. గోదావరి మట్టం ఎంత ఉందో, ఈరోజు పడవలు వదలాలా వద్దా అన్నది పొద్దున్నే ఆ గదుల్లో తెలిసిపోతుంది. మరి అది ప్రయాణికుడి దాకా ఎందుకు రాదు? టికెట్లు అమ్మే ఏజెంటును అడిగితే ఏం చెబుతాడు? “రండి సార్, ఏం టెన్షన్ లేదు” అంటాడు. కమీషన్ మీద బతికేవాడి నోట ఇంకోమాట ఎందుకొస్తుంది? వరదలో ఉన్న నది గురించి అభిప్రాయం చెప్పాల్సింది ఏజెంటు కాదు, ప్రభుత్వం.

జలపాతాల సంగతీ అంతే. ఆదిలాబాద్ జిల్లా కుంటాల ఎంతో అందమైన చోటు. అడుగున ఉన్న గుండాలు అంత మోసపూరితమైనవి. ఈత వచ్చిన కుర్రాళ్లు కూడా అక్కడ పోయారు, పోతూనే ఉన్నారు. ప్రతిసారీ పేపర్లో “విహారయాత్రలో విషాదం” అని వేస్తారు, నాలుగు రోజులు పోలీసును పెడతారు, తర్వాత మామూలే. “ప్రమాదకరమైన ప్రదేశం, జాగ్రత్త” అని రాసిన బోర్డులు అన్ని చోట్లా ఉంటాయి. అన్ని చోట్లా ఒకటే మాట ఉంటే దాన్ని ఎవరూ చదవరు. “ఈ గుండం లోతు ఇంత. ఇక్కడ ఇప్పటిదాకా ఇంతమంది చనిపోయారు. చివరి ప్రమాదం ఫలానా నెలలో” అని రాసి పెట్టండి. అప్పుడు చూడండి, పిల్లవాణ్ని తల్లి చెయ్యి పట్టి ఎలా వెనక్కి లాగుతుందో.

మా కోరిక: (అ) పడవలు నడిచే ప్రతి రేవులో ఆరోజు నీటిమట్టం, ప్రమాద మట్టం, అనుమతి ఉన్న పడవల నంబర్లు, ఒక్కో పడవలో ఎంతమంది ఎక్కవచ్చో టికెట్ కౌంటర్ మీదే రాయాలి. (ఆ) పడవలు ఆపిన రోజు డబ్బు మొత్తం తిరిగి ఇవ్వాలని రాతలో ఉండాలి. డబ్బు పోతుందన్న భయమే జనాన్ని వరదలో కూడా పడవ ఎక్కిస్తుంది. (ఇ) డ్యాముల దిగువన జనం స్నానాలకు దిగే ప్రతి చోటా సైరన్ ఉండాలి, అది ఎందుకు మోగుతుందో అక్కడే తెలుగు, హిందీల్లో రాయాలి. (ఈ) జలపాతాల దగ్గర శని, ఆదివారాలు, పండగ సెలవుల్లో అక్కడి ఊరి యువకులనే గజ ఈతగాళ్లుగా జీతమిచ్చి పెట్టుకోవాలి. ప్రమాదం జరిగాక శవాల్ని వెతకడానికి పిలిచేది ఎలాగూ వాళ్లనే.

3. లంబసింగి, వంజంగి

చింతపల్లి మండలం లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి నిజంగానే కొరుకుతుంది, పొగమంచులో పక్క మనిషి కనబడడు. అది చాలు కదా. “ఆంధ్రా కశ్మీర్” అని ప్రచారం చేసేసరికి, కశ్మీర్‌లోలా కాళ్ల కింద తెల్లగా మంచు ఉంటుందనుకుని పిల్లలకు చెప్పి తీసుకొచ్చేవాళ్లు ఉన్నారు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద పాల సముద్రంలాంటి మేఘాలు ఆకాశం దయ ఉంటేనే కనబడతాయి. రీల్‌లో రోజూ కనబడతాయి.

దీనివల్ల నిరాశపడే పర్యాటకుడి గురించి నాకంత బాధ లేదు, ఇంటికి పోయి మర్చిపోతాడు. అక్కడ బతికే గిరిజనుల మాటేమిటి? సీజన్లో శనివారం రాత్రి ఘాట్ రోడ్డు మీద వరసగా నిలిచిపోయే కార్లలో, జ్వరమొచ్చిన బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోయే బండి కూడా ఇరుక్కుంటుంది. కాఫీ తోటల పక్కన బిర్యానీ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. ఆదివారం మధ్యాహ్నానికి జనం దిగిపోతారు, చెత్త మిగిలిపోతుంది.

ఊటీ, కొడైకెనాల్‌లలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి, ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-పాస్ పెట్టారు. అక్కడ చేసింది ఇక్కడ ఎందుకు చేయకూడదు?

మా కోరిక: సీజన్లో శని, ఆదివారాలు లంబసింగి, వంజంగిలకు ఈ-పాస్ పెట్టండి. కొండ కిందే బండ్లు ఆపించి, స్థానికుల జీపుల్లో పైకి పంపండి. ఆ కిరాయి ఆ ఊళ్లకే దక్కాలి. మీ ప్రచార ఫొటోల కింద తీసిన నెల తప్పనిసరిగా వేయండి. తలకోన జలపాతమైనా, బొగత జలపాతమైనా, ఆగస్టు ఫొటో చూసి ఏప్రిల్లో బయల్దేరినవాడి తప్పేముంది?

4. చూపించే మనిషి

లేపాక్షిలో జనం ఏం చేస్తారో ఒక గంట నిలబడి గమనించండి. నేరుగా వేలాడే స్తంభం దగ్గరికి పోతారు. కింద ఒక పక్క నుంచి తువ్వాలు దూరుస్తారు, రెండో పక్క నుంచి లాగుతారు, వీడియో తీసుకుంటారు. తర్వాత బయటికొచ్చి నంది దగ్గర ఫొటో, ఆపై కారు. వాళ్ల నెత్తి మీద, మండపం పైకప్పు నిండా విజయనగర కాలపు రంగుల చిత్రాలున్నాయి. గిరిజా కల్యాణం ఉంది, కిరాతార్జునీయం ఉంది. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ ఉన్నారు. ఆడవాళ్ల కొప్పులు, చీరల అంచులు ఎన్ని రకాలో. రంగులు వెలిసిపోతున్నాయి, పెచ్చులూడుతున్నాయి. తల ఎత్తి చూడమని చెప్పేవాళ్లు లేక, అంత దూరం వచ్చినవాళ్లు తువ్వాలు చూసి వెళ్లిపోతున్నారు. రామప్పలో నీళ్ల మీద తేలే ఇటుకలు తప్ప ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు ఎంతమందికి గుర్తుంటుంది?

చెప్పేవాళ్లు దొరికిన చోట బేరం తలనొప్పి. ఒకరికి ఒక రేటు, కారులో దిగినవాళ్లకు ఇంకో రేటు. గైడును తిట్టి లాభం లేదు, అతనికి నెల జీతం లేదు, సీజన్ లేనప్పుడు టీ కొట్టు పెట్టుకుంటాడు.

మా కోరిక: డిగ్రీ చదివి ఊళ్లో ఖాళీగా ఉన్న అమ్మాయిలకు, అబ్బాయిలకు శిక్షణ ఇచ్చి, బ్యాడ్జి ఇచ్చి, రేటు బోర్డు మీద రాయండి. సర్కారు బడి పిల్లలు వస్తే ఉచితంగా చూపించాలి, ఆ డబ్బు ప్రభుత్వం కట్టాలి.

5. టాయిలెట్లు

పైన రాసిందే చాలు. తాళంచెవి టికెట్ కౌంటర్‌లో ఉండాలి. నీళ్లు లేకపోతే, టాయిలెట్ మూసి ఉంటే ప్రవేశ రుసుము తీసుకోకూడదు. ఆడవాళ్లు బయల్దేరే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారని, ఎండలో కళ్లు తిరిగి పడిపోవడానికి అది ఒక కారణమని మీ ఆఫీసుల్లోని మహిళా ఉద్యోగులను అడగండి, వాళ్లే చెబుతారు.

6. పెద్దవాళ్లు, మెట్లు, ఉక్క

బెలుంలో పాతాళగంగ దగ్గరికి దిగేసరికి భూమికి సుమారు 150 అడుగుల లోతులో ఉంటాం. లోపల ఉక్క విపరీతం, చెమటకు చొక్కా తడిసి ముద్దవుతుంది. సందర్శకులకు తెరిచిన దారి కిలోమీటరున్నర దాకా ఉంటుంది. ఉబ్బసం, బీపీ ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఎగువ అహోబిలం దాటి జ్వాలా నరసింహుడి దాకా కొండ ఎక్కాలనుకునే భక్తురాలికి డెబ్బై ఏళ్లుండొచ్చు, దేవుడి మీద భక్తితో మోకాళ్ల నొప్పి మర్చిపోతుంది. సగం దారిలో గుర్తొస్తుంది. అక్కడ డోలీ మాట్లాడుకుంటే ఎంత అడిగితే అంత ఇవ్వాల్సిందే.

మా కోరిక: మొదటి మెట్టు దగ్గరే “మొత్తం మెట్లు ఇన్ని, పట్టే సమయం ఇంత, మధ్యలో నీళ్లు ఇక్కడ, వెనక్కి తిరగడానికి ఆఖరి చోటు ఇది” అని రాయండి. డోలీ రేట్లు కూడా.

7. చివరి బస్సు

గండికోటలో చూడాల్సింది సూర్యోదయం అని మీరే పోస్టర్లు వేస్తారు. తెల్లారకముందు జమ్మలమడుగు నుంచి అక్కడికి సొంత బండి లేనివాడు ఎలా చేరాలి? ఆటోవాడు అడిగింది ఇవ్వాలి, లేదా టెంటుకు డబ్బు పెట్టాలి. సీజన్లో శని, ఆదివారాలైనా ఒక బస్సు తెల్లవారుజామున, ఒకటి చీకటి పడ్డాక నడపండి. రానూ పోనూ బస్సు వేళలు కోట గుమ్మం దగ్గర రాసి ఉంచండి.

వీటిలో ఒకటో అంశానికి, రెండో అంశంలోని మొదటి రెండు కోరికలకు టెండర్లు అక్కర్లేదు, శంకుస్థాపనలు అక్కర్లేదు. ఒక ఫోను, ఒక నల్లబోర్డు, పొద్దున్నే దాని మీద రాసే ఒక మనిషి చాలు. కార్తీక మాసంలో శ్రీశైలానికి, గోదావరి రేవులకు జనం పోటెత్తకముందే ఇవి అమలు కావాలి. మిగతావాటిలో ఏది ఏ శాఖ చేయాలో, ఏ తేదీలోపు చేస్తారో జిల్లాలవారీగా ప్రకటించండి.

అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక్కో జిల్లాకు ఒక్కో దరఖాస్తు పెడతాం. ప్రతి పర్యాటక స్థలంలో నిరుడు వసూలైన ప్రవేశ రుసుము ఎంత, అందులో టాయిలెట్లకు, భద్రతకు ఖర్చు పెట్టింది ఎంత, నీళ్లలో పోయిన ప్రాణాలు ఎన్ని అని అడుగుతాం. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఈ లేఖ చదివినవాళ్లు మీ జిల్లాలో మీకు తెలిసిన చోటు గురించి ఇవే మూడు ప్రశ్నలతో దరఖాస్తు వేయండి.

ఇట్లు,
బస్సెక్కి ఊళ్లు చూసే కుటుంబాల తరఫున,
ప్రొద్దుటూరు నుంచి ఒక గృహిణి